దయ్యాల మేస్త్రి

న్యూజెర్సీలో ఇల్లు కొనే తెలుగువాడు ముందు దిక్కు చూస్తాడు. గుమ్మం తూర్పుకా ఉత్తరానికా, వీధిపోటు ఏమైనా ఉందా అని ఆరా తీస్తాడు. ఆ తర్వాత బడి చూస్తాడు. మా వీధిలోని దయ్యాల మేస్త్రి మాత్రం కొమ్మ చూసి కొన్నాడు. ఇంటి ముందు ముసలి మేపుల్ చెట్టు, దానికి వీధివైపు చాచిన లావుపాటి కొమ్మ, నేలకు 15 అడుగుల ఎత్తున. నేలమాళిగలో చెమ్మ ఉందనీ, పైకప్పు మార్చాల్సి వస్తుందనీ తనిఖీకి వచ్చినవాడు పాపం వివరంగా చెబుతుంటే, ఈయన కిటికీలోంచి ఆ కొమ్మనే చూస్తూ తలాడించాడట. వాళ్లావిడ ఈ సంగతి ఇప్పటికీ నవ్వుతూనే చెబుతుంది. ఆ నవ్వును ఆయన సరిగా అర్థం చేసుకున్నాడని నాకు నమ్మకం లేదు.

దయ్యాల పండగ హాలోవీన్‌కు ఇంటిముందు దయ్యాల బొమ్మలు వేలాడదీసే ఇలాంటివాడు ఎడిసన్‌లో ఒకడుంటాడు, ప్లెయిన్స్‌బరోలో ఒకడుంటాడు. డాలస్ వైపూ ఉన్నారని వినికిడి. కాకపోతే అక్కడి కొత్త కాలనీల్లో బిల్డరు నాటిన మొక్కలకు ఊతకర్రలే ఇంకా తీయలేదు కనుక, వాళ్లు వరండా చూరుతో సరిపెట్టుకోవాలి. మా వీధివాడికి ఆ కొరత లేదు. ఏడాదిలో పది నెలలు ఆయన డేటాబేసులు చూసుకునే సాధువు. గుళ్లో పులిహోర వడ్డిస్తాడు, పక్కింటివాళ్ల మంచు కూడా తనే ఎత్తిపోస్తాడు. సెప్టెంబరు సగానికి వచ్చేసరికి గరాజ్ తలుపు తెరుచుకుంటుంది, కారు వీధిలోకి వెళుతుంది. ఇక హాలోవీన్ దాటేదాకా కారుకు గరాజ్ లేదు, వాళ్లావిడకు మొగుడు లేడు. గరాజ్‌లో వరసగా ప్లాస్టిక్ పెట్టెలు, వాటిమీద ముత్యాల్లాంటి అక్షరాలతో తెలుగులో చీటీలు: ‘పుర్రెలు, చిన్నవి’, ‘చేతులు, ఎడమ’, ‘గబ్బిలాలు, రెక్క విరిగినవి’.

మేస్త్రికి ఒక సిద్ధాంతం ఉంది. భయపెట్టేది వేలాడాలి. నేలమీద నిలబడే దేనికీ ఆయన దగ్గర గౌరవం లేదు. 2020లో హోమ్ డిపో దుకాణాల వాళ్లు 12 అడుగుల అస్థిపంజరాన్ని 299 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు అమెరికా అంతా ఎగబడింది, సరుకు దొరక్క జనం అల్లాడారు. మా వీధి చివరి ఇంటాయన ఒకటి సంపాదించి నిలబెట్టాడు. మేస్త్రి వెళ్లి చుట్టూ తిరిగి చూసి, ‘డబ్బుంటే ఎవడైనా నిలబెడతాడండీ’ అని వచ్చేశాడు. ఇక ఫ్యాను పెట్టి గాలి ఊదే బొమ్మలంటే ఆయనకు జుగుప్సే. రాత్రంతా బోర విరుచుకుని నిలబడే ఆ దయ్యాలు పొద్దున్నే మోటారు ఆపగానే గడ్డిమీద బోర్లా పడి ఉంటాయి కదా. వాటిని చూసినప్పుడల్లా, ‘రాత్రి తాగినవాళ్లు ఇంకా లేవలేదు’ అంటాడు.

ఆయన కళంతా దారంలో ఉంది. చేపల గాలానికి కట్టే నైలాన్ దారం. అది ఎంత బరువు ఆపుతుందో చుట్టమీద పౌండ్లలో రాసి ఉంటుంది. 50 పౌండ్లది కడితే గాలికి తెగదు గానీ లావు, వీధిలైటు వెలుగులో పట్టిస్తుంది. 20 పౌండ్లది కంటికి ఆనదు గానీ ఒక్క ఈదురుగాలికి దయ్యం పక్కింటి పెరట్లో తేలుతుంది. పైగా తెల్లటి దారాల్లో కొన్ని రకాలు ఊదారంగు లైటు కింద వాటంతట అవే మెరుస్తాయి. దయ్యం వెలగడానికి పెట్టిన లైటులో దారం వెలిగితే ఆయన బతుకు బజారున పడ్డట్టే. అందుకని ముందు దారం ముక్క తెచ్చి, చీకటి గదిలో ఆ లైటు కింద పట్టుకుని, మెరవదని తేలాకే కొంటాడు. దయ్యానికి వాడే పల్చటి గుడ్డను మాత్రం బట్టల సబ్బుపొడిలో నానబెడతాడు. తెలుపు నిగ్గు తేలడానికి అందులో కలిపే రసాయనం ఆ లైటుకు నీలంగా వెలుగుతుంది కనుక. ‘గురువుగారూ, దయ్యం మెరవాలి, దారం చావాలి. అదీ మన పని’ అని ఆయన నాకు చేసిన ఉపదేశం.

ముడి గురించి అడక్కూడదు. అడిగితే రాత్రి భోజనం చల్లారిపోతుంది. నైలాన్ నున్నన కాబట్టి మామూలు ముడి జారిపోతుందట. కొసను అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, మొదట్లోని కన్నంలోంచి దూర్చి, బిగించే ముందు ఉమ్మితో తడపాలట. తడపకపోతే రాపిడికి వేడెక్కి దారం బలం పోతుందట. ఈ ఉమ్మి తడిపే ఘట్టాన్ని ఆయన ఒక గృహప్రవేశంలో, అరిటాకు ముందు కూర్చున్న నలుగురికి ఆవకాయ ముద్ద కలుపుతూ వివరించాడు.

గాలి ఆయన ఆగర్భశత్రువు. గుడ్డ వెడల్పయితే తెరచాపలా గాలిని పట్టుకుని కొమ్మనే ఊపేస్తుందని, కత్తెరతో చీలికలు పెడతాడు. 2012లో శాండీ తుపాను అక్టోబరు 29న తీరం దాటి, లక్షల ఇళ్లకు కరెంటు పోయి, గవర్నరు హాలోవీన్‌ను నవంబరు 5కు వాయిదా వేశాడు. దయ్యాలకు ప్రభుత్వం కొత్త ముహూర్తం పెట్టడం మేస్త్రికి అప్పుడే మొదటిసారి తెలిసింది. అప్పటికింకా అద్దె అపార్ట్‌మెంట్, బాల్కనీకి ఒకే ఒక్క గబ్బిలం. అది తుపాను రాత్రి వెళ్లింది, ఇంతవరకూ రాలేదు. పెట్టెల జాబితాలో దానికి ఇప్పటికీ ఒక గడి ఖాళీగా ఉంచాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన వేళాకోళం ఆడడు. సొంత చెట్టు వచ్చిన మొదటి ఏడు, పాత చొక్కా ప్యాంటులో కాగితాలు కూరి, మెడకు ఉరితాడు వేసి కొమ్మకు కట్టాడు. ఎదురింట్లో ఉండే నల్లజాతి పెద్దావిడ, రిటైరైన టీచరు, రోడ్డు దాటి వచ్చింది. ఆవిడ కేకలు వేయలేదు. ‘మా నాన్న పుట్టిన ఊళ్లో ఇలాంటి చెట్టు ఒకటుంది. అక్కడ వేలాడింది బొమ్మ కాదు’ అని చెప్పి వెళ్లిపోయింది. 1882 నుంచి 1968 దాకా అమెరికాలో మూకలు లించింగ్ పేరిట చంపినవాళ్లు టస్కీగీ సంస్థ లెక్కలో 4,743 మంది. అందులో 3,446 మంది నల్లవాళ్లు. మేస్త్రి ఆ రాత్రే బొమ్మను దించేశాడు, పొద్దున్నే వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పటినుంచీ ఆయన దయ్యాలకు మెడలు లేవు. కొక్కెం భుజాల దగ్గరే. కొత్తగా ఈ పిచ్చి పట్టినవాళ్లెవరైనా సలహాకు వస్తే దారం కంటే ముందు ఈ సంగతే చెబుతాడు. పొదలమీద దూదిలాంటి సాలెగూడు పరచొద్దనేది రెండోది, పిట్టలు చిక్కుకుంటాయి కాబట్టి. మాస్కులో పిల్లలకు సరిగా కనబడదు గనుక నడకదారికి అడ్డంగా ఏ దారమూ ఉండకూడదనేది మూడోది. ఇవి మూడూ అయ్యాక ఇక ముడి మొదలవుతుంది, వచ్చినవాడి ఖర్మ.

2024లో ఆయనకు గండం వచ్చింది. దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి, అక్టోబరు 31. అదీ చాలనట్టు తణుకు నుంచి అత్తగారు దిగింది. మొదటి పొద్దున్నే గుమ్మంలో నిలబడి తలెత్తి చూసింది.

‘బాబూ, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టమని ఫోన్లో చెప్పాను కదా. పుర్రె కట్టారేం?’

‘ఇదీ దిష్టికేనండీ అత్తయ్యగారూ.’

‘ఇది కట్టాక ఇంకా ఈ ఇంటి వంక చూసేదెవరు, దిష్టి తగలడానికి?’

ఆవిడ అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కొమ్మకున్న పెద్ద దయ్యం గిర్రున తిరిగి వీధికి వీపు పెట్టడం చూసింది. మూడేళ్లుగా మేస్త్రిని వేధిస్తున్న జబ్బే అది. ‘ఒంటిపేట మీద వేలాడేది తిరక్క ఏం చేస్తుంది? ఉట్టికి మూడు పేటలు ఎందుకు వేస్తారనుకున్నారు?’ అని, కుర్చీ వేయించుకుని కూర్చుని, రెండు భుజాలకూ రెండు దారాలు, వెనక నడుముకు ఒకటి కట్టించింది. దయ్యం బుద్ధిగా వీధివైపు చూస్తూ నిలబడింది. వారం తిరిగేసరికి మేస్త్రి దీన్ని ‘త్రిబంధ విధానం’ అంటూ వీధంతా బోధించసాగాడు. కనిపెట్టింది ఎవరని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అత్తగారికి ఆ సంగతి తెలుసని ఆయనకు పెట్టిన కాఫీ రుచిలో తెలిసేదని వాళ్లావిడ అంటుంది.

పండగ రోజు ఒప్పందం కుదిరింది. లక్ష్మీదేవి వచ్చే గుమ్మంలో ముగ్గు, ప్రమిదలు, మామిడాకులకు బదులు మేపుల్ ఆకుల తోరణం. దయ్యాలు చెట్టు దాటి ఇటు రాకూడదు. ఆరు కాకముందే పొద్దు వాలింది. పూజ హడావుడిలో మేస్త్రి పట్టుపంచెతోనే వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. అమెరికన్ తల్లిదండ్రులు ఆయన్ని కూడా వేషమే అనుకుని, బాగుందని మెచ్చుకున్నారు.

ఆ రాత్రి దయ్యం నిజంగా తేలింది. గాలి లేదు, దారం చచ్చింది. ఐదారేళ్ల బుడతడు ఒకడు, అంతరిక్షయాత్రికుడి వేషంలో, చెట్టు కింద ఆగిపోయాడు. చాక్లెట్ల సంచీ చేతిలోంచి జారి నేలకు తాకింది, వాడు చూసుకోలేదు.

‘అది ఎలా ఎగురుతోంది?’ అన్నాడు.

ఇన్నేళ్ల తపస్సు ఈ ఒక్క ప్రశ్న కోసమే. మేస్త్రి మొహం వెలిగిపోయింది. పంచె ఎగ్గట్టి, వాడి పక్కన గొంతుకు కూర్చుని, మొలలోంచి టార్చి తీసి, భుజం దగ్గరి దారాన్ని కొస నుంచి కొమ్మదాకా వెలుగు వేసి చూపించాడు. వాడు ‘ఓహో, తాడు’ అన్నాడు. సంచీ తీసుకుని, రెండు చాక్లెట్లు వేయించుకుని, 12 అడుగుల అస్థిపంజరం ఇంటివైపు పరిగెత్తాడు.

గుమ్మంలోంచి చూస్తున్న వాళ్లావిడ, ‘ఏమండీ, చెప్పకుండా ఉండలేరా?’ అంది.

‘దారమని మాత్రమే చెప్పానే! ముడి సంగతి ఎత్తనే లేదు’ అన్నాడు మేస్త్రి.