నెత్తిన మట్టి మోసే దూలాన్ని

నేను టేకు దూలాన్ని. నల్లమలలో పుట్టాను, ఖిల్లా ఘనపురం కోటగుట్ట కింద ఒక మట్టి మిద్దెను మోస్తున్నాను. నా మీద దంతెలు, వాటి మీద సన్న కట్టెలు, ఆపైన అడుగు మందాన సౌడు మట్టి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో పాత మిద్దెల కట్టుబడి చాలావరకు ఇదే. ఎండాకాలం ఇంట్లో చల్లగా ఉండేది ఆ మట్టి వల్లనే. బరువు మాత్రం మాది. పది పన్నెండడుగుల గది మీద ఎండు మట్టే ఐదు టన్నులు దాటుతుంది. ముసురు పట్టి నానితే ఇంకో టన్ను ఎక్కుతుంది. కొండ ప్రాంతాల్లో మట్టి ఎగువ నుంచి జారి ఇంటి మీద పడుతుంది. మిద్దెలో అది ముందే నెత్తిన ఉంటుంది.

వానలకు ముందు ఒక ఇంజనీరమ్మ మా ఇల్లు చూడ్డానికి వచ్చింది. లోపలికి రాకుండా ముందు పెరట్లోకి వెళ్లింది. గుట్ట మీది నీళ్లు ఎటు పారుతున్నాయో చూసింది. వెనక గోడకు మోకాలెత్తున మట్టి పేరుకుని ఉంది, నీళ్లు పోయే దారి లేదు. గోడకు తూకపు గుండు వేలాడదీసి ఎంత ఒరిగిందో కొలిచింది. మూల దగ్గర ఏటవాలుగా పోయిన పగులుకు అటూ ఇటూ పెన్సిల్‌తో గీతలు గీసి, మధ్య దూరమూ తేదీ పక్కనే రాసింది. పాత పగులు కన్నా పెరుగుతున్న పగులుకే ఎక్కువ భయపడాలి.

తర్వాత నిచ్చెనేసి నా దగ్గరికొచ్చింది. నడుము మీద తట్టింది, ఖంగుమన్నాను. గోడలోకి దిగిన నా కొనలో స్క్రూడ్రైవర్ గుచ్చితే వేలెడంత దిగబడింది. అక్కడ గోడ తడి, చెదలు. కింద నుంచి చూసేవాళ్లకు మేం నున్నగా, నల్లగా, గట్టిగానే కనిపిస్తాం. మేం విరిగేది చాలాసార్లు నడుము దగ్గర కాదు, ఆనిన చోటే.

కొండచరియల ముప్పు లెక్కగట్టేవాళ్లు ప్రతి ఇంటికీ సున్నా నుంచి ఒకటి దాకా ఒక విలువ వేస్తారట. సున్నా అంటే ఇంటికేమీ కాదు, ఒకటి అంటే నేలమట్టం. ఒకే చరియ కింద కాంక్రీటు స్తంభాల ఇల్లు నిలబడవచ్చు, మట్టి గోడల ఇల్లు కొట్టుకుపోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) 2023లో తెచ్చిన కొండచరియల అట్లాస్‌లో ముప్పులో రుద్రప్రయాగ జిల్లాది మొదటి స్థానం. ఎక్కువగా హిమాలయాలు, పడమటి కనుమలే అందులో కనిపిస్తాయి. 2024 జూలైలో వయనాడ్‌లో, ఆగస్టు చివర విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడ్డాక కొండ కింది ఇళ్ల గురించి అందరూ మాట్లాడారు. మా మిద్దెల మాట ఎవరెత్తారు? 2021 అక్టోబర్‌లో గద్వాల జిల్లా ఐజ మండలం కొత్తపల్లిలో గోడ కూలి ఒకే ఇంట్లో ఐదుగురు పోయారు. 2024 వానాకాలం మొదట్లో నాగర్‌కర్నూల్ పక్కన వనపట్లలో మిద్దె కూలి తల్లీ, ముగ్గురు పిల్లలూ నిద్రలోనే పోయారు. ఈ చావులు వాన ఖాతాలో రాసి ఊరుకోవడం అన్యాయం. ఊళ్లో అన్ని ఇళ్ల మీదా అదే వాన పడింది.

పరీక్షంతా అయ్యాక ఇంజనీరమ్మ మా ఇంట్లో ఉండే అవ్వతో "ముసురులో ఇక్కడ పడుకోవద్దవ్వా" అంది.

"మరి యాడికి పోవాల బిడ్డా?" అని అడిగింది అవ్వ.

ఆ ప్రశ్నకు జవాబు లేని సర్వే నా దృష్టిలో సగం పనే. శిథిలం అని గోడ మీద రాసి పోతే అవ్వ ఆ రాత కిందే పడుకుంటుంది. ఇంజనీరమ్మ మళ్లీ కూర్చుంది. వానలకు ముందే పైన సౌడు సగానికి తీసేయాలి, వెనక గోడ వెంట కాలువ తవ్వాలి, నా మెత్తబడిన కొన కింద గుంజ నిలబెట్టాలి అని రాసింది. ముసురు రెండో రోజుకల్లా బడి గది తాళం అవ్వకు అందాలని దాని కిందే రాసి, సర్పంచ్ చేత సంతకం పెట్టించింది.