గుడ్ల అట్ట మీద నూట పది

ట్రెజరీ ఆఫీసులో 34 ఏళ్లు తేదీలు చూసి బతికినవాణ్ణి. బిల్లు మీద తేదీ ఒక్కరోజు అటూ ఇటూ అయినా ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపేవాణ్ణి. ఆ గీరతోనే 2024లో డాలస్‌లో అమ్మాయి ఇంటికి వెళ్లాను.

ఏప్రిల్ 25న పిల్లలిద్దరూ ఆఫీసులకెళ్లాక ఫ్రిజ్ సర్దబోయాను. పెరుగు డబ్బా మీద 05/04/24 అని ఉంది. ఏప్రిల్ అయిదు! ఇరవై రోజుల కిందటే గడువు తీరిపోయిందన్నమాట. వాసన చూస్తే బాగానే ఉంది. "కమ్మగానే ఉంది కదండీ" అంది మా ఆవిడ. "నీకు తెలీదు" అని సింకులో ఒంపేశాను. (ఈ మాట నేనన్న ప్రతిసారీ తెలియనిది నాకే అని తేలుతూ వచ్చింది. అయినా మానలేదు.)

సాయంత్రం అమ్మాయి చెప్పింది: "నాన్నా, ఇక్కడ నెల ముందు రాస్తారు, రోజు తర్వాత. అది మే నాలుగు."

అక్కడితో ఊరుకోవాల్సింది. కొత్తగా చదువొచ్చింది కదా, మర్నాడు మళ్లీ ఫ్రిజ్ తలుపు తీశాను. డజనున్నర గుడ్ల అట్ట పక్కన 110 అని అచ్చేసి ఉంది. నెల ముందు, రోజు తర్వాత. ఒకటి, పది: జనవరి 10! దగ్గర్లోనే పీ అక్షరంతో ఇంకో నంబరు కనిపిస్తే, పీ అంటే ప్యాకింగే అని రూఢి చేసుకున్నాను. మూడున్నర నెలల గుడ్లు పిల్లలకు పెడతారా అని గొణుక్కుంటూ అట్టతో సహా చెత్తబుట్టలో వేశాను.

అల్లుడు పాపం నవ్వు బిగబట్టుకుని చెప్పాడు. "మామయ్యగారూ, అది నెలా తేదీ కాదండీ, ఏడాదిలో ఎన్నో రోజో ఆ లెక్క." జనవరి 1 అయితే 001, డిసెంబరు 31 అయితే 365, లీపు సంవత్సరంలో 366. పీ నంబరు గుడ్లు ప్యాక్ చేసిన కేంద్రానిది. వేళ్ల మీద లెక్కేశాను. 2024 లీపు సంవత్సరం కాబట్టి నూట పదో రోజు ఏప్రిల్ 19. గుడ్లు అట్టలోకెక్కి సరిగ్గా వారం. ఫ్రిజ్‌లో మూడు నుంచి అయిదు వారాలు నిలవుంటాయట. అల్లుడు నవ్వేసినా బాగుండేది.

ఇంకో సంగతీ చెప్పాడు. అమెరికా కేంద్ర చట్టం తేదీ తప్పనిసరి చేసింది పసిపిల్లల పాలపొడికి మాత్రమేనట. మిగతావాటి మీద 'బెస్ట్ బై' అంటే అప్పటిదాకా రుచి బాగుంటుందని కంపెనీ చెప్పే మాట. మన దగ్గర అలా కాదు, ఎక్స్‌పైరీ తేదీ వేసి తీరాలి, అదీ రోజు ముందు, నెల తర్వాత. బ్యాచ్ నంబరు మాత్రం ఎక్కడైనా గడువు చెప్పదు. సరుకులో తేడా వస్తే ఏ విడతను వెనక్కి పిలవాలో తెలియడానికి అది. నేనైతే అంకె కనబడితే చాలు, తేదీ అనుకునే రకం.

ఆ రాత్రి అన్నంలోకి ఒంగోలు నుంచి మోసుకెళ్లిన గోంగూర పచ్చడి సీసా తీశాం. 'ప్యాకింగ్ తేదీ నుంచి ఆరు నెలలు' అని అచ్చులో ఉంది. తేదీ ముద్ర నూనెకు చెరిగిపోయింది. కొన్నప్పుడు చూడలేదు, అప్పుడూ అడగలేదు. రెండు వారాల్లో సీసా ఖాళీ చేశాం.