ఆర్టికల్ బాబాయి

రాజ్యాంగంలో ఆయనకి కంఠతా వచ్చింది ఒక్కటే, 356. అందుకే ఊరంతా ఆర్టికల్ బాబాయి అంటుంది. ఏ జ్వరానికైనా ఒకే మాత్ర ఇచ్చే ఆర్‌ఎంపీలా, కరెంటు పోయినా, చెరువుకి గండి పడినా "రాష్ట్రపతి పాలన పెట్టాల్సిందే" అంటాడు. పెట్టినా రెండు నెలల్లో పార్లమెంటు ఒప్పుకోకపోతే అది చెల్లదనీ, 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు దానికి ముకుతాడు వేసిందనీ చెప్పబోతే, "ఈ దేశంలో కోర్టులు ఎక్కువైపోయాయిరా" అని టీ ఊదుకుంటాడు.

ఎమర్జెన్సీ పేరెత్తితే మురిసిపోతాడు. రైళ్లు టైముకొచ్చేవట. మా ఊరికి రైలు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

"అప్పుడు జైల్లో వేసినవాళ్లకి కోర్టు గుమ్మమెక్కే హక్కు కూడా లేదన్నారు కదా బాబాయ్, 1976లో?"

"జైల్లో ఉన్నవాడికి రైలుతో పనేంట్రా!"

ఊరి సంగతి మాత్రం ఆయనకి పట్టదు. 73వ సవరణ 1993లో అమల్లోకొచ్చి గ్రామసభకి రాజ్యాంగంలోనే చోటిచ్చింది. పంచాయతీలకి అప్పగించదగ్గ 29 అంశాల జాబితాలో కల్వర్టులు కూడా ఉన్నాయి. మా కల్వర్టు కూలి చాన్నాళ్లయింది.

గ్రామసభని దండోరా వేసిన పూట బాబాయి టీకొట్టులో గవర్నరు అధికారాల మీద ఉపన్యసిస్తున్నాడు. జనమంతా ఆయన చుట్టూనే. షామియానా కింద ఖాళీ కుర్చీలు, సెక్రటరీ, ఓ కుక్క. కోరం కావాలి కదా! సాయంత్రానికి సెక్రటరీయే తీర్మానాల పుస్తకం చంకన పెట్టుకుని టీకొట్టుకి వచ్చాడు. ఎడంచేత గ్లాసు వదలకుండా, ఉపన్యాసం ఆపకుండా బాబాయి సంతకం గీకాడు. శ్రోతలూ వరసగా గీకేశారు.

ఒక్క బాబాయినే అని ఏం లాభం? రాత్రి తొమ్మిదింటికి టీవీలో గొంతు చించుకునేవాళ్లే ఆయనకి గురువులు. వాళ్ల నోట గ్రామసభ మాట నేనైతే వినలేదు.

మర్నాడు పుస్తకం తిరగేశాను. "కల్వర్టు మరమ్మతు సంతృప్తికరంగా పూర్తయినట్లు సభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." కింద మొదటి సంతకం బాబాయిదే, పొల్లు కూడా పోకుండా.

చెప్పగానే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఫోర్జరీ!"

"సంతకం నీదే కదా బాబాయ్."

"నాదేలేరా. చదవనివాడి చేత పెట్టించుకోవడం మాత్రం రాజ్యాంగ విరుద్ధం. ఏ ఆర్టికలో చూసి చెప్పు."