అట్టడుగు సూత్రము: సటీకాతాత్పర్యము

అవతారిక: పాఠకుడు వెబ్‌పేజీ అడుగునకు వచ్చెనా లేదా అని కనిపెట్టి, వచ్చినచో మరికొంత సరుకు దింపుటకై పుట్టిన బుల్లి జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఇది. దీని ప్రాణమంతయు ఒక్క పంక్తిలో నున్నది.

మూలము:
స్క్రోల్‌హైట్ − స్క్రోల్‌టాప్ − క్లయింట్‌హైట్ <= 1;

ప్రతిపదార్థము: స్క్రోల్‌హైట్ = కనబడునదియు కనబడనిదియు కలిసిన పేజీ నిలువు కొలతనుండి; స్క్రోల్‌టాప్ = ఇప్పటికే పైకి జరిగి కనుమరుగైన భాగమును; క్లయింట్‌హైట్ = ప్రస్తుతము కనబడు భాగపు ఎత్తును; − = తీసివేయగా (రెండుచోట్లను ఇదియే); <= 1 = మిగిలినది ఒక పిక్సెల్‌కు మించనిచో.

తాత్పర్యము: పాఠకుడు అడుగంటినాడు. చదివినాడని కాదు, దాటినాడని మాత్రమే. బొటనవ్రేలి వేగము ఈ సూత్రమునకు పట్టదు.

శంక: అడుగు చేరినచో శేషము సున్న కావలెను గదా! ఒకటి ఏల? గ్రంథకర్తకు తీసివేత రాదా?

సమాధానము: వచ్చును. కాని స్క్రోల్‌టాప్ భిన్నములను ఒప్పుకొనును, తక్కిన రెండును గుండుగుత్త పూర్ణాంకములు. కంటిచూపు తగ్గి పేజీని 110 శాతము జూమ్ చేసికొన్న పెద్దమనిషి గతి యోచింపుడు. హైట్ 2600, కనబడునది 600, స్క్రోల్‌టాప్ 1999.5 వద్ద ఆగినది. ఇక జరుగుటకు చోటు లేదు. శేషము అర పిక్సెల్. “సున్నయేనా?” అని పట్టుబట్టు కోడు “కాదు” అనును. ఆయన అడుగున కూర్చుండియు అడుగు చేరనివాడే. తరువాతి సరుకు ఎన్నటికిని దిగదు. కావున ఆ ఒకటి అజ్ఞానము గాదు, దయ.

పాఠాంతరము: వెబ్ డెవలపర్ల ఆకరగ్రంథమైన ఎండీఎన్ ప్రతిలో ఈ శేషమును మ్యాథ్.ఏబీఎస్‌లో బంధించి ఋణచిహ్నము తుడిచిరి. అది మాకు సమ్మతము గాదు. ఐఫోన్ సఫారీలో పేజీని అడుగు దాటి లాగినచో రబ్బరువలె సాగును. అప్పుడు శేషము −40 కావచ్చును. చిహ్నము తుడిచినచో 40 అగును, అడుగు దాటినవాడు అడుగు చేరనివాడుగా తేలును! మూలపాఠమే సాధువు.

ప్రయోగదోషము: ఈ సూత్రమును ప్రతి స్క్రోల్ ఈవెంటుకు జపింపరాదు. 2011లో ఈవెంటుకు తగిలించిన పని బరువై ట్విట్టర్ పేజీ కదలలేకపోగా, జేక్వెరీ కర్త జాన్ రెసిగ్ 250 మిల్లీసెకండ్ల కొకసారి చూచిన చాలునని చెప్పెను. 2016లో క్రోమ్ 51తో వచ్చిన ఇంటర్‌సెక్షన్ అబ్జర్వర్ వాదులు ఇంకను ముందుకుపోయి, అడుగున ఖాళీ డివ్ ఒకటి పెట్టుడు, అది కనబడగానే బ్రౌజరే కబురంపును, తీసివేతలే వలదనిరి. వారి మతమే మేలైనది. ఐనను తీసివేత లేనిచో వ్యాఖ్యాతకు పని యేమున్నది?

చివరి సెమికోలన్ పాదపూరణార్థము. కవి మరచినను ఇచట జావాస్క్రిప్టే పూరించుకొనును.