ఒక చెక్కగుర్రము ఆత్మకథ

గుర్రమను పేరే గాని, జన్మలో నేనొక్క అడుగు వేసి యెరుగను. పరుగెత్తి వచ్చువారు పిల్లలు. వారి అరచేతులను వీపున మోపించుకొని ఆవలికి దాటించుట మాత్రమే నా వృత్తి. లోపల చెక్క, దానిపై పీచు, పీచుపై తోలు, క్రింద ఎత్తు పెంచుటకును తగ్గించుటకును రంధ్రములు గల నాలుగు ఇనుప కాళ్లు, ఇదియే నా దేహము. సామానుల పట్టీలో వాల్టింగ్ హార్సని వ్రాసియున్నను, కాగజ్‌నగరపు పిల్లలు మొదటినాటి నుండియు నన్ను చెక్కగుర్రమనియే పిలుచుచున్నారు. 1942లో కాగితము తీయ మొదలిడిన సిర్పూరు పేపరు మిల్లు చుట్టును అల్లుకొని పెరిగిన యీ ఊరిలో, ఒక వ్యాయామశాల మూల నాకు స్థానము దొరకెను. మా డ్రిల్లు సారు ఉద్యోగవిరమణ చేసిన పిమ్మటను సాయంకాలములందు వచ్చి పిల్లలచేత మొగ్గలు వేయించుచునే యున్నాడు.

ఒకచోట నిలిచియుండి బ్రతికిన నాకు తెలిసిన విద్య యొకటే: అడుగుల చప్పుడును బట్టి పిల్లను పోల్చుట. క్రొత్తగా వచ్చిన పిల్ల మహోత్సాహముతో బయలుదేరి, స్ప్రింగుబోర్డు ఇంక మూడడుగుల దూరమున నుండగా వేగము చంపుకొనును. పాదములు రెండును ఒక్కసారి బోర్డునంటక, ఒకటి ముందును ఒకటి వెనుకనుగా టపటపమని పడును. చేతులు నా వీపు ఇవతలి అంచునే పట్టుకొనును. ఆపై మోకాళ్లతో నామీద చతికిలబడి, నవ్వువారెవరని దిక్కులు చూచును. అదే పిల్ల, సారు చేత వందసార్లు చీవాట్లు తిని, కొన్ని మాసములకు వచ్చునప్పుడు వినవలెను: పరుగు చివరకు వచ్చుకొలది హెచ్చును, బోర్డుపై రెండు చప్పుళ్లు ఒక్కటగును, అరచేతులు తగిలీ తగులకమునుపే తోలును నెట్టివేసి లేచిపోవును, సుద్దపొడి నా వీపున నిలుచునంతలో ఆమె ఆవలి పరుపుపై కాళ్లు జోడించి నిలిచియుండును. ఆ రెండు చప్పుళ్లును ఒక్కటైన నాడే నాకు తెలిసిపోవును, ఈ పిల్ల ఇంక నావద్ద నిలువదని.

ఓనమాల నుండి అంతర్జాతీయ పోటీ వరకు ఒకే శాలను అంటిపెట్టుకొనియుండు పిల్లలు కలరా యని అప్పుడప్పుడు తల్లిదండ్రులు అడుగుచుందురు. నావద్ద మాత్రము లేరు, ఉండుటకు వీలును లేదు. పూర్వము నా జాతివారిని పురుషులు పొడవుగను, స్త్రీలు అడ్డముగను దాటెడివారు. 2001లో అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్య మమ్ము పోటీల నుండి తొలగించి, విశాలమైన వీపు గల వాల్టింగ్ టేబులును ప్రవేశపెట్టెను. స్త్రీలకు 125, పురుషులకు 135 సెంటీమీటర్ల యెత్తున నిలుచు ఆ బల్లపై చేతులకు చోటెక్కువ, అపాయము తక్కువ. మంచి పనియే, కాదనను. అంతకు ముందటి యేడు సిడ్నీ ఒలింపిక్సులో స్త్రీల ఆల్‌రౌండ్ ఫైనలునందు గుర్రమును అయిదు సెంటీమీటర్లు తక్కువ యెత్తున బిగించిరి. మేటి క్రీడాకారిణులే తడబడి పడిరి. ఒక ఆస్ట్రేలియా బాలిక కనిపెట్టి చెప్పువరకు అధికారులకు తెలియదాయెను. బిగించినవారు మనుష్యులు, అపకీర్తి గుర్రములది! అది యట్లుండగా, పోటీలో లేని నాపై సాధన చేసి పోటీలో నెగ్గుట ఎవరి తరము?

ఒక సాయంకాలము ఒక తండ్రి సారును పట్టుకొని, "సార్, మా పిల్లను హకీంపేట స్పోర్ట్స్ స్కూలుకు తోలుమంటున్రు. మీ కాడనే ఉంటె మంచిగ నేర్వదా?" అని అడిగెను. సారు నావైపు చేయి చూపి, "నా కాడ నేర్చేటిది అయిపోయింది తమ్మీ, తోలు. ఇంకా దీని మీద దుంకితే గుర్రం అరుగుతది గని పిల్ల పెరుగది" అనెను. నన్నన్న మాటయే యైనను నాకు కోపము రాలేదు. ఆ పిల్ల భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సులో వెడలిపోయెను. నాకు కష్టము కలిగించువారు మరియొక తెగ: బోర్డుపై చప్పుళ్లింకను ఒక్కటి కాకమునుపే, ఎవడో వచ్చి సర్టిఫికెట్టు ఇప్పింతునన్నాడని పిల్లను చేయిపట్టి లాగుకొనిపోవువారు.

సారు స్నేహితుడొకడు, మిల్లులో పనిచేసి దిగినవాడు, బెంచీపై కూర్చుండి టెక్సాసులోని ప్లేనోలో నున్న మనుమరాలి కబుర్లు చెప్పుచుండును. ఆ పిల్ల చీర్‌లీడింగ్ నేర్చుచున్నదట. ఆ మాట వినగానే మనవారికి 2008లో ఐపీయల్‌తో వచ్చి బౌండరీ చెంత చిందులు వేసిన నర్తకీమణులు స్ఫురింతురు గాని, అక్కడి పోటీ క్రీడ వేరు. రెండున్నర నిమిషముల కాలములో మొగ్గలు వేయవలెను, ఒకతెను ముగ్గురు నలుగురు చేతులపై ఎత్తి గాలిలోనికి విసరి మరల పట్టుకొనవలెను. 2021లో ఆ క్రీడ యొక్క అంతర్జాతీయ సంఘమునకు ఒలింపిక్ సంఘము పూర్తి గుర్తింపు నొసగెను. మొదటి లెవెలు నుండి ఏడవ లెవెలు వరకు మెట్లు. ఏటేట ఎంపికలు పెట్టి జట్టులను క్రొత్తగా కూర్చెదరు. ఇందు చిక్కేమనగా, ఒక్క పిల్లకు ఎంత విద్య వచ్చినను చాలదు. ఆమెతో సమానముగా వచ్చినవారు జట్టుకు సరిపడునంతమంది ఆ జిమ్ములోనే ఉండవలెను. చిన్న జిమ్ములో అంతమంది దొరకరు. అదిగాక, ఎనిమిదవ యేట పైకెగిరిన పిల్ల పొడుగెదిగి, పదునాల్గవ యేట క్రింద నిలిచి మోయవలసివచ్చును. పైకెత్తుదుమని పిలుచు మరియొక జిమ్మునకు మనసు లాగును. "జిమ్ము మారినందుకు పాత దోస్తులు మాట్లాడుతలేరట" అని తాత దిగులుపడగా, సారు నవ్వి, "మనకు హకీంపేట, వాళ్లకు ఇంకో హాలు, గంతే గద" అనెను. దోస్తుల మాటకు మాత్రము ఆయన వద్ద జవాబు లేకపోయెను.

నిలిచియుండి పైకి వచ్చినవారు లేకపోలేదు. బుద్దా అరుణారెడ్డిని తండ్రి మొదట కరాటేలో పెట్టి పిదప జిమ్నాస్టిక్స్ వైపు మరల్చెను. ఆమె హైదరాబాదు లాల్‌బహదూర్ స్టేడియములో సాధన చేసి, నడుమ గురువులు మారినను ఆ నగరమునే ఆధారము చేసికొని, 2018 ఫిబ్రవరిలో మెల్బోర్నులో ప్రపంచకప్ వాల్టునందు కాంస్యమును గెలిచెను. ప్రపంచకప్ జిమ్నాస్టిక్సులో వ్యక్తిగత పతకము పొందిన ప్రథమ భారతీయురాలామె. ఇది ఆమె పట్టుదలకు తార్కాణమే. అయినను స్టేడియము ఇంటనుండి పోయి రాదగినంత దూరమున నుండుట గొప్ప యదృష్టమని కాగజ్‌నగరములో నిలిచియున్న నేను చెప్పకపోయిన ఎవరు చెప్పుదురు? అగర్తలా వంటి మారుమూల పట్టణమునుండి బయలుదేరిన జిమ్నాస్టు దీపా కర్మాకర్ కథ వేరొక తీరు: శాలలు, శిబిరములు మారెను గాని, చిన్ననాట చేయిపట్టిన గురువు బిశ్వేశ్వర్ నందీ మాత్రము మారలేదు. ఆయనయే ఆమె వెంట 2016 రియో వరకు నడచెను, అచట 0.15 పాయింట్లలో కాంస్యము తప్పి ఆమె నాలుగవదిగా నిలిచెను. మన పొరుగున నిజామాబాదులో తండ్రి వద్ద బాక్సింగు మొదలుపెట్టిన నిఖత్ జరీన్‌కు ఊరును గురువును కూడ మార్చక తప్పలేదు. విశాఖపట్టణము పోయి నేర్చినందుననే 2022లో ఇస్తాంబులులో ప్రపంచ విజేత కాగలిగెను. కావున ఒకే శాలలో ఉండుటను విశ్వాసమనియు, విడుచుటను కృతఘ్నత యనియు పేర్లు పెట్టుట నాకు నచ్చదు. నిలుచుటయో పోవుటయో పిల్ల గుణమువలన గాక, ఊరిలో నేమున్నదను దానివలన తేలుచున్నది.

ఆటతో నిమిత్తము లేని వలసలును చూచితిని. 2014లో మిల్లు ఆగి 2018లో మరల తిరుగువరకు, ఇండ్లకు తాళములు వేసి కుటుంబములు బ్రతుకుతెరువునకు పోయెను. వారితో మంచి కాళ్లు గల పిల్లలెందరో పోయిరి. వారెచ్చట తేలిరో నాకు వార్త లేదు.

ఇప్పుడు నా మొర యొకటి. 1993లో వెలసిన హకీంపేట క్రీడా పాఠశాలలోను, కరీంనగర్, ఆదిలాబాదులలోని ప్రాంతీయ పాఠశాలలలోను పిల్లలను చేర్చుకొనునది నాలుగవ తరగతికి. మావద్దకు పెక్కుమంది పిల్లలు వచ్చుటయే ఆరవ తరగతిలో. రెక్కలు వచ్చునప్పటికి అక్కడి తలుపు మూసియుండును. మీ యింట మూడవ తరగతి చదువు పిల్ల యున్నచో మండల స్థాయి ఎంపికలు ఎప్పుడో ఇప్పుడే కనుగొనుడు. అందు నావంటి గుర్రమును దూకుమని అడుగరు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలుచున్నచోటినుండి దూకుట, మెడిసిన్ బాలు విసరుట, ఇటువంటివే యుండును. వానికి సిద్ధపరచుటకు మా శాల చాలును.