రెండో రాయి

దంతెవాడలో నేను చేసిన తెలివితక్కువ పని గురించి ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అడిగినవాళ్లతో "సర్వర్ పాడైంది" అనేవాణ్ణి. సర్వర్ పాడవలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

మా నాన్న కిరండూల్ ఇనుప గనుల్లో పనికి వచ్చినవాడు. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం పట్టుకుని బస్తర్‌కి చేరి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మాదొకటి. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, హల్బీ. కంప్యూటర్ డిప్లొమా చేసి జిల్లాలో ఒక స్థానిక సంస్థలో కాంట్రాక్టు మీద చేరాను. ఆ సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు, తప్పు నాది.

నేను చేరేసరికి అక్కడ సర్వర్ అంటే టేబుల్ కింద దుమ్ము పట్టిన పాత డెస్క్‌టాప్. ఇంటి పన్ను, నల్లా కనెక్షన్లు, బజారు దుకాణాల అద్దెలు అన్నీ అందులోనే. కొత్త సర్వర్ గదికి డబ్బు మంజూరయ్యాక ఆ బాధ్యత నాకప్పగించారు. మంచి పనులూ చేశాను. గుంత తవ్వించి రాగి ప్లేటు దించి, బొగ్గు, ఉప్పు పోయించి సరైన ఎర్తింగ్ పెట్టించాను. పిడుగులు పడే చోట అది లేకుండా ఎంత ఖరీదైన సర్వర్ కొన్నా దండగే. ఏసీ, ర్యాక్, కొత్త బ్యాటరీలు వచ్చాయి. సర్వర్‌లో రెండు హార్డ్ డిస్కులు పెట్టించాను. ఒకదానిలో రాసింది అదే క్షణంలో రెండోదానిలోనూ పడుతుంది. దాన్ని మిర్రరింగ్ అంటారు. డిస్కు కాలిపోతే అది కాపాడుతుంది. మనిషి చేసే పొరపాటు నుంచి కాపాడదు. అద్దం ముందు నిలబడి ముఖానికి మసి పూసుకుంటే అద్దంలోనూ మసే కనిపిస్తుంది కదా. నేను మాత్రం దాన్నే బ్యాకప్ అనుకున్నాను. పైగా ఒక బయటి డిస్కు తగిలించి, రోజూ రాత్రి నిన్నటి కాపీ మీదే ఇవాళ్టి కాపీ రాసేట్టు పెట్టాను. ఆ డిస్కు కూడా అదే ర్యాక్‌లో ఉండేది.

రాయ్‌పూర్‌లో రాష్ట్ర డేటా సెంటర్ ఉంది, ఒక కాపీ అక్కడికి పంపుదామని ఒకరు అన్నారు. లైను తెగిపోతూ ఉంటుంది, కుదరదన్నాను. లైను తెగే మాట నిజమే. కానీ రాత్రిపూట కాపీ పంపడానికి రోజంతా లైను అక్కర్లేదు. వారానికోసారి డిస్కు బస్సులో పంపినా సరిపోయేది. అన్నీ నా గదిలోనే, నా పాస్‌వర్డ్ కిందే ఉండాలన్నది నా పట్టుదల. ఆ పట్టుదలకు లైను సాకు.

ఆఫీసులో పెద్ద గుమస్తాని అందరం బడే బాబు అనేవాళ్లం. పన్ను కట్టినవాళ్లకి కార్బన్ పెట్టి రసీదు రాసేవారు, తర్వాత డిమాండ్ రిజిస్టర్లో ఎక్కించేవారు. కొత్త సర్వర్ వచ్చిన రోజుల్లో నా దగ్గరికి వచ్చి, "రిజిస్టర్ కూడా రాస్తూ ఉండనా భయ్యా?" అని అడిగారు. "వద్దు బడే బాబూ, రెండు చోట్ల రాస్తే రెండు లెక్కలవుతాయి" అన్నాను. ఆయన వాదించలేదు. చివరి పేజీ కింద మొత్తం వేసి, గీత గీసి, సంతకం చేసి, రిజిస్టర్ని బీరువాలో పెట్టారు. రసీదు పుస్తకాలు కూడా నేనే ఆపించాను. వసూలుకి వెళ్లేవాళ్లకి చేతిలో పట్టే బిల్లింగ్ మిషన్లు ఇప్పించాను. అందులోంచి వచ్చేది నున్నటి థర్మల్ కాగితం.

తర్వాత జరిగింది పెద్ద కథేమీ కాదు. బకాయిలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు, ట్రయల్ డేటా మీద నడపాల్సిన ఫైలును అసలు డేటా మీద నడిపాను. కొన్ని వార్డుల్లో జనం కట్టిన సొమ్ము ఎంట్రీలు చెరిగిపోయాయి. అంతా ఒకేసారి పోయుంటే ఆ సాయంత్రమే తెలిసేది. కొంతే పోవడంతో ఎవరి కంటా పడలేదు. రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోయాయి. ఆ రాత్రి బయటి డిస్కులో ఉన్న మంచి కాపీ మీద కూడా చెడిన కాపీ పడింది. పన్ను కట్టినవాళ్లకి బకాయి నోటీసులు వెళ్లాకగానీ సంగతి బయటపడలేదు.

నోటీసు పట్టుకుని వచ్చినవాళ్లలో బజార్లో చిన్న దుకాణం ఉన్న ఒక గోండు స్త్రీ ఉంది. ప్లాస్టిక్ కవరు విప్పి, ఆధార్ కార్డుకీ రేషన్ కార్డుకీ మధ్య పెట్టుకున్న స్లిప్పులు తీసి నా ముందు పరిచింది. ఒక్కదాని మీదా అక్షరం లేదు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాను, వేలితో తడిమాను. అన్నీ తెల్లకాగితాలే. థర్మల్ ముద్ర వెలుతురు తగిలినా వెలిసిపోతుంది, కొన్ని రకాల ప్లాస్టిక్ ఆనుకుని ఉన్నా వెలిసిపోతుంది. ఆమె వాటిని భద్రంగా దాచుకుంది, ఆ దాచడం వల్లే చెరిగిపోయాయి. "కట్టాను. ఈ కాగితం మీరే ఇచ్చారు" అంది. బడే బాబు బీరువా తెరిచి రిజిస్టర్ తెచ్చారు. నేను ఆపమన్న రోజు దాకా ఆమె కట్టిన ప్రతి పైసా నీలం సిరాలో ఉంది. ఆ తర్వాతది ఎక్కడా లేదు. ఆమెలాంటివాళ్లు కొందరు మళ్లీ కట్టారు. నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు విప్పడానికి కారణం ఒక వార్త. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో, డేజియన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. 709 ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థలు ఆగిపోయాయి. అక్కడి ఉద్యోగులు పని ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల డేటా పోయింది. దానికి బయట ఎక్కడా కాపీ లేదు. అంత డబ్బు, అంత చదువు ఉన్న దేశంలోనూ అన్నీ ఒకే చోట పెట్టి, పెట్టినదాన్ని నమ్మారు. అది చదివి నాకు ఊరట కలగలేదు, భయం వేసింది.

అదే 2025లో మా దంతెవాడ జిల్లా 7 లక్షలకు పైగా భూమి రికార్డులను బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కించింది. దేశంలో ముందుగా ఆ పని చేసిన జిల్లా మాదేనని పత్రికలు రాశాయి. నాకు నిజంగా సంతోషం. ఆదివాసీ భూమి కాగితాన్ని ఎవరైనా దిద్దితే ఇక పట్టుబడుతుంది. అయితే ఇలాంటి పద్ధతుల్లో సాధారణంగా బ్లాక్‌చెయిన్‌లో ఉండేది కాగితం కాదు, దాని నుంచి లెక్కగట్టిన ఒక సంకేతం. కాగితం మారిందో లేదో అది చెబుతుంది. పోయిన కాగితాన్ని తెచ్చి ఇవ్వదు. దాన్ని వేరే చోట వేరుగా దాచుకోవలసిందే. ఒక పని చేసే పరికరం ఇంకో పని కూడా చేస్తుందని నమ్మి నేను చెడ్డాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వేరుగా దాచడం మా దంతెవాడకు కొత్త కాదు. ఇక్కడి దంతేశ్వరి గుడిలో 1703 నాటి దిక్పాలదేవుడి శాసనం ఉంది. ఓరుగల్లు కాకతీయుల దగ్గర్నుంచి తమ వంశం చెప్పుకున్న బస్తర్ రాజు ఆయన. శాసనం ముందు సంస్కృతంలో చెక్కించారు. కలియుగంలో సంస్కృతం చదివేవాళ్లు కొద్దిమందే కాబట్టి రెండో రాయి మీద జనం భాషలో రాయిస్తున్నామని ఆ రెండో రాయి మీదే చెప్పారు. దాచినదాన్ని రేపు చదవగలిగేవాడు ఉండాలని వాళ్లు ఆలోచించారు. నా సర్వర్‌ని నేను లేకుండా ఎవరూ తెరవలేరు. బడే బాబు రిజిస్టర్ని ఎవరైనా చదవగలరు. ఆ గుడికి ఎన్నోసార్లు వెళ్లాను, ఆ రాళ్లు చూశాను, నాకు తట్టలేదు.

పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో కంప్యూటర్ పని చూసేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్కటి అడుగుతాను. మీ బ్యాకప్‌ని వేరే మెషీన్ మీద తెరిచి, నాలుగు పేర్లు వెతికి చూసింది ఎప్పుడు? తేదీ చెప్పలేకపోతే ఈ వారమే ఆ పని చేయండి. ఒక కాపీ ఆ భవనం దాటించండి. పన్ను కట్టేవాళ్లకి కూడా ఒక మాట. మీ రసీదు నున్నటి కాగితమైతే ఇవాళే జెరాక్స్ తీయించుకోండి.