కోటి రూపాయల తోక

అనంతపురం వైపు వాన ఎప్పుడు పడుతుందో చెప్పగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు గానీ, పాము కనబడితే అది ఏ జాతిదో చెప్పేవాళ్ళు మాత్రం ఇంటికి ఇద్దరుంటారు. ఏడాది మొత్తానికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్ల వాన, ఎర్ర నేల, శెనక్కాయ చేలు, గట్ల నిండా ఎలుక బొక్కలు. పాములకు ఇంతకంటే మంచి కాపురం ఎక్కడ దొరుకుతుంది? అందుకే మాకు పాముల అనుభవానికి కరువు లేదు. కరువల్లా దాన్ని నిదానంగా చూసే ఓపికకే.

కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో మా మేనల్లుడు ఒకడున్నాడు. శెనక్కాయ పెరికేటప్పుడు గట్టు కింద దొరికిన పొట్టి లావుపాటి పామును ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి, పైన చిల్లుల రేకు కప్పి, రేకు మీద బండ పెట్టి, "పెంచుకుంటాండా మామా" అన్నాడు. బోరు ఎండి రెండెకరాలు బీడు పెట్టినోడికి ఉన్నట్టుండి మూగజీవాల మీద ప్రేమ పుట్టిందంటే దాని వెనక ఏదో లెక్క ఉంటుంది. గుచ్చి అడిగితే బయటపడింది: అది రెండు తలకాయల పామంట, బెంగళూరు పార్టీ కోటి రూపాయలకు కొంటాదంట.

ఈ కోటి కథ రాయలసీమలో కొత్తది కాదు. రెండు తలల పాముతో క్యాన్సర్ నయమవుతుందని, గుప్తనిధి దారి చూపిస్తుందని, ఇంట్లో ఉంటే లక్ష్మి కదలదని పుకారు. కానీ ఇన్నేళ్ళలో ఆ పామును పట్టి కేసులో ఇరుక్కున్నవాళ్ళ పేర్లు పేపర్లో చదివాం గానీ, అమ్మి మేడ కట్టినవాణ్ణి నేను చూడలేదు. నిజానికి దానికుండేది ఒక్కటే తల. తోక కూడా తలంత మొండిగా ఉంటుంది. బెదిరితే అసలు తలను చుట్టల కింద దాచుకుని తోకను పైకెత్తి చూపిస్తుంది, దెబ్బ పడితే తోక మీద పడుతుందని. శత్రువులను మోసం చెయ్యడానికి అది నేర్చిన విద్యకు మనిషి కూడా పడిపోయాడు. విషం లేదు, మందు గుణమూ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం మాత్రం నేరం.

మేనల్లుడు స్పీకర్ పెట్టి ఏజెంటుతో మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నా.

"తూకమెంత తమ్ముడూ?"

"కిలో లోపలే ఉంటుందన్నా."

"కిలో లోపలైతే పార్టీ కదలదు. మేపు."

మేపడం మా అక్క పని అయింది. గిన్నెలో పాలు పోసి డ్రమ్ములో పెట్టింది. రెండోనాటికి పాలు విరిగాయి, పాము అట్లే ఉంది. అది తినేది ఎలుకల్ని. మా అక్కేమో ఎలుకను పట్టి పెట్టే రకం కాదు.

ఈలోగా ఊరు ఊరంతా వచ్చింది. అత్త డ్రమ్ములోకి తొంగి చూసి, "సుబ్బరాయుడే వచ్చినాడు, పంపనూరు గుడికి పోయి మొక్కు తీర్చండప్పా" అంది. రిటైరైన అయ్యవారు కళ్ళద్దాలు సర్దుకుని కొండచిలువ పిల్లని తేల్చాడు. పక్కింటి పిల్లోడు తలలు లెక్కపెట్టి ఒకటే వచ్చిందని ఏడుపు మొహం పెడితే, రెండోది రాత్రిపూట తెరుచుకుంటుందని మేనల్లుడు సముదాయించాడు. అప్పుడు మా పెద్దమామ చుట్ట ఆర్పి, వంగి చూసి, వెనక్కి రెండడుగులు వేశాడు.

"ఒరేయ్, ఇది పొడపాము రా! రక్తపింజరి!"

కోటి రూపాయల ఆస్తిని వదిలేసి అందరికంటే ముందు పరిగెత్తింది దాని యజమానే.

పెద్దమామను తప్పుపట్టలేం. మా చేలల్లో దొరికే మట్టిపామును చూసి రక్తపింజరి అనుకోనివాడు అరుదు. రెండింటికీ లావుపాటి ఒళ్ళు, రెండింటికీ గోధుమరంగు మీద ముదురు మచ్చలు. తేడా తెలియాలంటే దూరం నుంచే తీరిగ్గా చూడాలి. ఫోనులో జూమ్ చేసి ఫొటో తీసి చూశాం. రక్తపింజరి మచ్చలు మూడు వరుసలుగా, నల్లటి అంచులతో, దేనికది విడివిడిగా ఉంటాయి. తల వెడల్పు, మెడ సన్నం, కోపమొస్తే కుక్కరు వదిలినంత బుస. మా డ్రమ్ములోదానికి వరుసా లేదు వావీ లేదు, మచ్చలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి వంకరటింకరగా ఉన్నాయి. మెడ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. తోక పొట్టిగా, మొన తేలి, గరుకుగా ఉంది. కొండచిలువ పిల్లయితే ఒళ్ళు నున్నగా మెరిసేది, తల మీద బాణం ములుకు లాంటి గుర్తు ఉండేది. అది మట్టిపామే. విషం లేదు గానీ చిరాకుపడితే కరుస్తుంది.

ఫొటో ఏజెంటుకు కూడా పోయింది. వెంటనే ఫోన్ చేశాడు. "తోక మొండిగా లేదు కదన్నా. ఇది పనికిరాదు." ఊరంతా తల చుట్టూ తిరుగుతుంటే, తోక సంగతి పట్టించుకున్నవాడు ఆ దొంగ ఒక్కడే!

ఈ తోకలూ మచ్చలూ పొలుసులూ చూసే పనిని మన తెలుగునేల మీద పద్ధతిగా చేసినవాడు ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు. 1781లో విశాఖపట్నం వచ్చి, ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రవేత్తగా కోరమాండల్ తీరం పాములను పోగుచేశాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో బొమ్మల పక్కన తెలుగు పేర్లు కూడా ఉంటాయి. ఇప్పుడు లోకమంతా ఆయన పేరుతో పిలిచే పామును ఆయన మనవాళ్ళనడిగి 'కాటుక రేకుల పొడ' అని రాసుకున్నాడు. మా పెద్దమామ అరిచిన పొడపాము అదే. కోటి రూపాయల రెండు తలకాయల పాముకు 1801లో శాస్త్రనామం పెట్టిందీ ఆయనే. తరంగంబాడిలో ఉన్న జాన్ అనే పాదిరి గౌరవార్థం పెట్టాడు. పాపం ఆ పాదిరికి దాని ధర తెలియదు.

ఇంత చెప్పి ఇంకో మాట చెప్పకపోతే ప్రమాదం. పాము కరిచినప్పుడు ఈ జాతి పంచాయితీ పెట్టుకోకండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. డాక్టరు మనిషి లక్షణాలు చూస్తాడు, రక్తం గడ్డకడుతోందా లేదా అని 20 నిమిషాల పరీక్ష చేస్తాడు. పామును చంపి సంచిలో వేసుకుని ఆసుపత్రికి మోసుకుపోయే వీరత్వం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ వేటలో ఇంకొకరు కరిపించుకోవడం తప్ప.

చివరికి అటవీ శాఖవాళ్ళు వచ్చి డ్రమ్ము ఖాళీ చేశారు. మేనల్లుడికి నాలుగు చీవాట్లు పెట్టి, పామును కొండ వైపు తీసుకుపోయారు. డ్రమ్ములో ఇప్పుడు నీళ్ళు పడుతున్నారు, ట్యాంకరు వచ్చిన రోజున.

మీ చేలో ఇలాంటిది కనిపిస్తే నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. ఏ పామో తేలకపోతే విషపుదే అనుకుని అటవీ శాఖకు ఫోన్ చెయ్యండి. ఎవడైనా తూకం ఎంతని అడిగితే మాత్రం పోలీసులకు చెయ్యండి.